తల దక్షిణానికి

పంచాయతీ ఆఫీసు ముందర వేసిన టెంటు కింద కూర్చుంటే, గుడ్డ గాలికి లేచినప్పుడల్లా దిబ్బ కనపడుతుంది, గుడ్డ దిగినప్పుడల్లా పోతుంది. తుంగభద్ర మీదినుంచి వచ్చే గాలికి పొద్దున పూట నిలకడ ఉండదు. కనపడిన ఆ కాసేపట్లో నా చూపు సున్నం వేసిన బొందల వరుస మీదికి పోతుంది. వరుసలో అన్నీ తూర్పు పడమరలుగా ఉంటే ఒక్కటి మాత్రం వాటికి అడ్డంగా ఉంటుంది, ఆరుబయట వేసిన మంచాల్లో ఎవరో అలిగి తన మంచం తిప్పి వేసుకున్నట్టు. చూపు అక్కడ ఆగుతుంది. అది రాములమ్మది. నా భార్యది. పోయిన ఏడు ఉగాది దాటినాక పోయింది. సెక్రటరీ ఇంకా రాలేదు. పక్క ఊళ్ళో కూడా ఇవాళే సభ అట, అది ముగించుకొని బండి మీద వస్తాడట. అతను వచ్చేదాకా మైకువాడు హలో హలో అంటూనే ఉంటాడు, మేం కూర్చునే ఉంటాం. తేలవలసింది ఒక్కటే. ఆ దిబ్బ మీది క్రైస్తవుల బొందలను తీసి, కాలువ అవతల సర్కారు కట్టిన కొత్త శ్మశానం, వైకుంఠధామంలో ఒక మూలకు మార్చి, దిబ్బ మీదుగా చెన్నకేశవస్వామి తేరుకు బాట వేయాలా, వద్దా. చేతులెత్తి తేలుస్తారు. మా ఊళ్ళో ఎవరి చేతులు ఎక్కువో చంకలో ఉన్న పిల్లలకు కూడా తెలుసు.

టార్పాలిన్ మీద ఊరు తనంతట తానే రెండుగా కూర్చుంది. ఎవరూ చెప్పలేదు. మోటరు గది దిక్కు క్రైస్తవుల ఇండ్లవాళ్ళు, గుప్పెడు మంది, ఆడవాళ్ళు కొంగులు తల మీదికి లాక్కొని. మిగతా టార్పాలినంతా మిగతా ఊరు. నేను నడుమ. నడుమ అని ఎంచుకొని కూర్చోలేదు. అందరికంటే ముందు వచ్చాను, ఖాళీ టార్పాలిన్ మీద ఒకచోట కూర్చున్నాను, ఊరు వచ్చి నాకు ఇటు కొంత అటు కొంత కూర్చుంది. నేను హిందువునే. రాములమ్మ పుట్టింటినుంచీ క్రైస్తవురాలు. మా కులంలో ఇది వింత కాదు, ఒకే గోడకు అటు చర్చికి పోయే అన్న, ఇటు గుడికి పోయే తమ్ముడు ఉంటారు, ఇద్దరూ ఒకే చేనుకు కూలికి పోతారు. పెండ్లినాడు ఆమెకు పుస్తె నేనే కట్టాను, ఆమె వాళ్ళు వచ్చి ప్రార్థన చేశారు, రెండు దిక్కులవాళ్ళూ ఒకే బువ్వ తిన్నారు. ఆ తరువాత ఆ సంగతి మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు ఊరు ఎత్తింది.

"ఏందిరా మరిదీ, అటా ఇటా?" అంటుంది భీమమ్మ, నా పెదనాన్న కోడలు, తమలపాకు ఒక బుగ్గనుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంటూ. "నడిమిట్ల కూసుంటే రెండు దిక్కులా ఎండ గొడ్తది."

"టెంటు కిందనే ఉన్న గదా వదినా."

"టెంటు తీసినంక జెప్త." ఆమె నవ్వితే పక్కనున్న ఆడవాళ్ళంతా నవ్వారు. "పెండ్లాం ఉన్నప్పుడు నోరిప్పలే, పోయినంక అన్న ఇప్పుతడనుకున్నం. మొగోడు ఉప్పుబస్తా లెక్క కూసున్నడు సూడు."

నిజమే, మా ఇంట్లో మాటలన్నీ రాములమ్మ వాటాకు పోయాయి. నాకు అవసరం పడలేదు. అవసరం పడేది ఆదివారం ఒక్కటే, అప్పుడు కూడా చెప్పుల దగ్గర. ఆదివారం పొద్దున ఆమె తలకు నూనె పెట్టుకొని, సన్నంచు తెల్ల చీర కట్టుకొని, ప్రార్థన ఇంటికి బయలుదేరేది, నేను వెనక నడిచేవాణ్ణి. ఆమె లోపలికి పోయేది, నేను బయట మెట్టు మీద కూర్చునేవాణ్ణి. మా వాడ కుక్కలకు చెప్పులంటే పిచ్చి, ఎత్తుకపోయి ఏటి గడ్డన పడేస్తాయి, ఎవరో ఒకరు కాపలా ఉండాలి. లోపల పాట మొదలయ్యేది. అందరి గొంతులూ ఒక చోటుకు పోయి ఆగితే ఆమె గొంతు ఇంకొంచెం పైకి పోయి, అక్కడ అందక కొంచెం పగిలి, దిగి వచ్చేది. ఆ పగులు కోసమే నేను చెవి పెట్టి కూర్చునేవాణ్ణని ఆమెకు చెప్పలేదు. ఒక్కసారి మాత్రం అడిగాను, అందరి మొగుళ్ళనూ పిలుస్తారు కదా, నన్ను లోపలికి రమ్మని నువ్వెందుకు అడగవు అని. "నువ్వు లోపలికొస్తే చెప్పుల కాడ ఎవరుంటరు?" అంది. అంతే. తేరు నాడు ఇది తిరగబడేది. నేను మోకు పట్టి లాగేవాణ్ణి, ఆమె దిబ్బ వాలున బెల్లం నీళ్ళ బిందెతో నిలబడేది. వాళ్ళవాళ్ళు ఎవరన్నా, ఏందే రాములమ్మా దేవుని బండికి నీళ్ళు మోస్తున్నవని దెప్పితే, "దేవుని బండికి గాదే, మా ముసలోని గొంతుకు" అనేది. మోకు గుంజి గుంజి అరచేతులు మండుతూ ఉంటే దిబ్బ కింద ఆగి ఆ నీళ్ళు తాగడం, లోటా అంచు మీద ఆమె చేతి వాసన, ఇప్పుడు ఈ టెంటు కింద నాలుక మీదికి వస్తోంది, మింగితే ఉత్త ఉమ్మి.

గుడ్డ లేచింది. దిబ్బ ఉంది. గుడ్డ దిగింది.

మైకువాడు ఏదో దేవుని పాట పెట్టి, మోటరు గది దిక్కు చూసి, మళ్ళీ తనే ఆపేశాడు. వాడి మంచితనమో భయమో తెలియదు. మోటరు గది దగ్గర శైలజ లేచి నిలబడి రోడ్డు దిక్కు చూసి కూర్చుంది. రాములమ్మ అన్న కూతురు ఆమె, వార్డు మెంబరు, ఆమె భర్త డేవిడ్ ప్రార్థన ఇంటి పాస్టరు. రాత్రంతా ఏడ్చినట్టు లేదు ఆమె మొహం, నాట్లకు పోయేముందు కూలిమనుషులను లెక్క చూసుకుంటున్నట్టు ఉంది. నన్ను చూసింది. నేను చూడనట్టు నా కాళ్ళను చూసుకున్నాను.

కాలు నోడు, కాలు నోడు. తిమ్మప్ప గొంతు. కాలు చూడమని కన్నడం. రాయచూరు దిక్కు మనిషి, మా గుంపు మేస్త్రీ. వయసులో ఉన్నప్పుడు అతని వెంట మేము తిరగని కాలువ లేదు, మా భాష తెలియని దేశాల్లో, మట్టి తవ్వి తట్టలకెత్తి కట్ట మీదికి మోయడం. తట్టలు మోసే వరుసలో ఏ మేస్త్రీ అయినా గట్టివాళ్ళను ముందు పెడతాడు, వాళ్ళు ఉరికినట్టు పోతారు, వెనక బలహీనులు తెగిపోతారు, తిట్లు తింటారు, సాయంత్రానికి గుంపు నుంచి పోతారు. తిమ్మప్ప వరుస తలకిందులు. అందరికంటే చేతగాని మనిషి ముందు. బాలింతరాలో, జ్వరం మనిషో, ముసలమ్మో. ఆమె కాలు చూసి రెండో మనిషి నడవాలి, రెండో మనిషి కాలు చూసి మూడో మనిషి. రాములమ్మ ఒక వానాకాలం అంతా ముందు నడిచింది. మా బిడ్డ పోయిన కాలం అది. నేను ఆమె వెనక. ఆమె తల మీద చుట్టకుదురు, దాని మీద తట్ట, తట్టలోంచి జారిన మట్టినీళ్ళు మెడ మీద నుంచి రవికెలోకి పోయేవి, నా కంటిముందు ఆ మెడ ఒక్కటే దేశం. వెనకనుంచి ఒకడు అరిచాడు, మాకంటే పడుచోడు, ఒక్క మనిషి కోసం ఇందరం ఆగాల్నా అని. తిమ్మప్ప బీడీ తీసి, "ఆగకు, పో. పోయి నువ్వొక్కనివే కట్ట కట్టు, నేను ఈడ కూసోని నోడ్త" అన్నాడు. అందరం నవ్వాం. వాడు కూడా నవ్వాడు. కట్ట ఆ ఏడు అందరి కట్టలతో పాటే లేచింది, ఏం ఆలస్యం కాలేదు.

బిడ్డను ఆ కట్ట వాలులోనే పెట్టాం. మూడు నాళ్ళ జ్వరం. ఆమె పాత చీర ముక్కలో చుట్టి, పొద్దు వాలేటప్పుడు, నేనే పార పట్టి. ఎవరి ప్రార్థన చెయ్యాలో తెలియక ఇద్దరం ఊరకనే నిలబడ్డాం. తరువాత గుంపు ఇంకో చోటుకు పోయింది, కాలువకు నీళ్ళు వదిలారు, కట్టను వెడల్పు చేశారు. ఒకసారి అదే దారిన రైల్లో పోతూ ఆమె కిటికీ ఊచలు పట్టుకొని చూసింది, కట్టలన్నీ ఒకటే తీరు, నీళ్ళన్నీ ఒకటే తీరు. ఎక్కడుండునో అంది. ఆ ఊరి పేరు కూడా మా ఇద్దరి నోటికీ తిరగలేదు. ఇంకెవరూ పుట్టలేదు మాకు. ఆనాటినుంచి ఆమెకు ఒకటే పట్టింపు. మనం పండే జాగ అన్న మనకు ఎరికుండాలె, ఒకరి పక్కన ఒకరం ఉండాలె, ఎవరన్న వస్తే ఇదిగో వీళ్ళు అని చూపెట్టేటట్టు ఉండాలె. ఎవరొస్తారే అంటే, ఎవరో ఒకరు, మేకలు మేపుకునేటోళ్ళన్న వస్తరు అనేది.

పెద్ద వరద వచ్చిన ఏడు ఊరంతా వచ్చింది ఆ దిబ్బ మీదికి. ఏరు ఇండ్లలోకి వచ్చి, గుడిలోకి వచ్చి, తేరు చక్రాలు మునిగి, ఎక్కడికీ తావు లేక ఊరంతా బొందల నడుమ నిలబడింది. భీమమ్మ ఎవరి బొందనో తెలియకుండా దాని మీద పొయ్యి పెట్టింది, దిబ్బ కింద చేనున్న రామచంద్రయ్య తల్లి ఇంకో బొందకు ఒరిగి కూర్చొని కునుకు తీసింది. ఎవరూ ఎవరినీ లేపలేదు. నీళ్ళు దిగినాక చూస్తే ఏటి ఒడ్డున ఉన్న పాత తేరుబాట లేదు, ఒడ్డుతో సహా కోసుకొనిపోయింది. ఆనాటినుంచి స్వామి తేరు గాలిగోపురం దగ్గర బయలుదేరి వీధి చివరిదాకా వస్తుంది, ఏరు మొహం చూడకుండానే తిరిగి పోతుంది. లాగేవాళ్ళకు తెలుసు అది ఎంత వెలితో. మోకు పట్టిన చేతికి ఇంకా ముందుకు పోవాలని ఉంటుంది, నడుమ ఊపు మీద ఉండగానే నిలుపు నిలుపు అంటారు. నాకూ ఆ వెలితి ఉంది. లేదంటే అబద్ధం. ఏటి గడ్డన స్వామి దిగి, నీళ్ళు చల్లి, పొద్దు గుంకుతుంటే దీపాలు వదిలే ఆ కాలం మళ్ళీ చూడాలని నాకూ ఉంది. తేరు పోవాలంటే రెండే దారులు. దిబ్బ మీద నుంచి ఒకటి, దిబ్బ కింద రామచంద్రయ్య పట్టా చేను అంచు నుంచి ఒకటి. అంచు ఇవ్వనని రామచంద్రయ్య ఒకసారే అన్నాడు, మళ్ళీ ఎవరూ అడగలేదు.

రాములమ్మ పోయిన రోజున డేవిడ్ ఊళ్ళో లేడు, నాగర్‌కర్నూల్‌లో ఏదో సభకు పోయాడు. ఎండలు. ఆపే వీలు లేదు. గుంత నేనే తవ్వుతానన్నాను, మా తమ్ముని కొడుకులు సాయం వచ్చారు. ఎన్ని గుంతలు తవ్విన చేతులు, ఎన్ని కట్టలు కట్టిన చేతులు, కానీ ఆ రోజు నా తల పనిచేయలేదు, చేతులే పనిచేశాయి. చేతులకు తెలిసింది మా నాన్నను పెట్టినప్పటి తీరు, మా తాతను పెట్టినప్పటి తీరు. తల దక్షిణానికి. అటే గీత గీశాను, అటే తవ్వాను, అటే దించాం. పక్కన ఇన్ని బొందలు తూర్పు పడమరలుగా ఉన్నాయని కళ్ళు చూస్తూనే ఉన్నాయి, చేతులకు చెప్పలేదు. సగం మన్ను పడినాక డేవిడ్ వచ్చాడు, చెమటతో, బైబిలు చంకన పెట్టుకొని. చూశాడు. వాళ్ళలో తల పడమరకు పెడతారు, తీర్పునాడు లేచి తూర్పుకు చూడాలని. నేను పార పట్టుకొని నిలబడ్డాను. అందరూ డేవిడ్ దిక్కు చూశారు, డేవిడ్ శైలజ దిక్కు చూశాడు.

"ఇప్పుడు తీస్తమా ఏంది?" అంది శైలజ, ఏడుస్తూనే. "ఉండనియ్యి. లేచేనాడు మా అత్త జర పక్కకు మల్లి లేస్తది. బతికున్నప్పుడు ఎవరన్న చెప్తే సక్కగ మల్లిందా?"

డేవిడ్ నవ్వాడు, నవ్వుతూ కళ్ళు తుడుచుకొని ప్రార్థన చేశాడు. అడ్డం పెట్టడంతో ఆమెకు రెండు బొందల వెడల్పు పోయింది, పక్కన ఒక ముక్క మిగిలింది. కొన్నాళ్ళకు నేను డేవిడ్ ఇంటికి పోయి గడపలో నిలబడ్డాను, ఎందుకొచ్చానో చెప్పడానికి సగం పొద్దు పట్టింది. నేను బాప్తిస్మం నీళ్ళ మునక తీసుకోలేదు, తీసుకోను కూడా, అయినా ఆ ముక్క నాకిస్తారా అని. అతను తలగోక్కున్నాడు. వాళ్ళలో పట్టింపున్న ముసలివాళ్ళున్నారు, వాళ్ళను ఒక్కొక్కరినే అడిగాడు, ఓటు పెట్టలేదు, ఒద్దన్న సుభద్రమ్మ దగ్గరికే నాలుగుసార్లు పోయాడు. చివరికి ఆమె, "సరే తియ్యి, ఇన్నేండ్లు చెప్పులు కాసిండు, ఒక మూలకు పండనియ్యి" అందట. ఆ మాట విన్ననాడు నేను దిబ్బ మీదికి పోయి, ఆమె పక్కన ఆ ముక్క మీద ఊరకనే కొంచెంసేపు వాలాను. వెన్ను కింద నేల వెచ్చగా ఉంది. కట్ట పని దినాల్లో గుడారంలో ఆమె పక్కన పండినట్టే ఉంది, చెయ్యి చాపితే తగిలేటంత దూరం.

నిన్న మధ్యాహ్నం శ్రీనాథ్ వచ్చాడు. గుడి కమిటీకి అతనే పెద్ద ఇప్పుడు, ముప్పై దాటిందో లేదో. "నర్సిమ్ములు తాతా" అని పిలిచాడు. అంతకు ముందు తాత లేదు, ఉత్త నర్సిమ్ములే. చెడ్డవాడు కాదు. రాములమ్మకు ఊపిరి ఆడని రోజు తన బండిలో వేసుకొని గద్వాల దవాఖానకు తోలింది అతనే, దారంతా అవ్వా కండ్లు తెరువు కండ్లు తెరువు అంటూ. వాళ్ళ నాన్న నేనూ ఒకే మోకు పట్టినవాళ్ళం, తేరు ఏటి దాకా పోవాలె బిడ్డా అంటూనే ఆయన పోయాడు. మా అరుగు మీద కూర్చొని చెప్పులు విడిచి, కాళ్ళు మడుచుకొని, పెద్దమనిషిలా కాదు, కొడుకులా మాట్లాడాడు.

"అవ్వ తల దక్షిణానికున్నది తాతా. నేను పోయి చూసిన. అది మన తీరు. ఆమె మనామె. ఆమెను ఎవ్వరు తియ్యరు. మిగిలినయి పోతయి, ఆమె ఉంటది. సుట్టూ గద్దె కట్టిస్త, నల్ల రాయి పెట్టిస్త. పక్కన నీకు గూడ జాగ ఇడిపిస్త, ఇది నా మాట. తేరు మీ పక్కపంటి పోతది. పుణ్యం గాదా?"

నేను అతను విడిచిన చెప్పులను చూస్తూ కూర్చున్నాను.

"చెయ్యెత్తు, అంతే. మాకు చేతులు తక్కువై గాదు. మన దిక్కు ఒక్కడు గూడ ఒద్దన్లేదని రాపియ్యాలె. రేపు వాళ్ళు కోర్టుకు పోయినా నిలబడాలె గదా."

అతను పోయినాక అరుగు మీదనే కూర్చున్నాను. వద్దనుకున్నా కనపడుతూనే ఉంది. నల్ల రాయి, చల్లగా. దాని కింద ఆమె, పక్కన నేను, మా పక్కనుంచి మోకులు పట్టిన కాళ్ళు, గోవిందా గోవిందా, చక్రం కిరకిర మన్నులోంచి మా ఎముకల దాకా వినపడడం. నిన్నటినుంచి ఎన్నిసార్లు ఆ రాయి మీద చెయ్యి వేసి చూశానో. అడగకుండానే ఇంత ఇస్తామన్నవాళ్ళు నా బతుకులో లేరు. నేను చెయ్యి ఎత్తినా ఎత్తకపోయినా మిగిలిన బొందలు పోయేవి పోతాయి, లెక్క ముందే అయిపోయింది. నా చేతితో ఆగేది ఒక్క బొంద. అది నాది, ఆమెది. ఎందుకెత్తొద్దు? ఎత్తొద్దని చెప్పేవాళ్ళు ఎవరు? ఆమెనే అడుగుదామంటే ఆమె ఒకటే మాట అనేది కదా, పక్కన ఉండాలె అని. ఉండొచ్చు. పక్కనే ఉండొచ్చు. కానీ ఆ పక్కనుంచి వాళ్ళ అమ్మ పోతుంది, వాళ్ళ అన్న పోతాడు, పాటల్లో ఆమె గొంతుకు ఇటూ అటూ ఉన్నవాళ్ళంతా పారలకెత్తి పోతారు, ఆమె ఒక్కతే బాట పక్కన, మనామె అని పేరు పెట్టుకొని. అప్పుడు పగలడానికి ఆమె గొంతు ఎవరి గొంతు మీద నుంచి లేవాలి?

బండి చప్పుడు. సెక్రటరీ వచ్చాడు, హెల్మెట్టు తీసి మొహం తుడుచుకొని, ఆలస్యమైందని ఎవరికీ కాకుండా గాలికి చెప్పి కూర్చున్నాడు. అజెండా చదివాడు. ఎవరన్నా మాట్లాడాలా అంటే శైలజ లేచింది. మైకు ఇవ్వలేదు, ఆమె అడగలేదు కూడా.

"ఒక్క మాట అడుగుత. తేరుకు రెండు తొవ్వలున్నయి. రామచంద్రయ్య సారు చేనంచు ఇస్తే తేరు పోదా? పోతది. మరి దానికెందుకు చేతులెత్తమనలే? ఊరంతా ఎత్తితే ఆయన చేను ఇచ్చేస్తడా?"

"అది పట్టా భూమి శైలజక్కా" అన్నాడు శ్రీనాథ్. "ఆయన సొంతం. ఊరు చేతులెత్తితే ఎట్ల పోతది?"

"ఆ! గదే. ఒక్కని చేను మీద ఊరికి చెయ్యి లేదు. మా సచ్చినోళ్ళ మీద ఉన్నదా?"

మిగతా ఊరి దిక్కు నుంచి లొల్లి లేచింది. శ్రీనాథ్ అరవలేదు, చేతులు చూపి అందరినీ కూర్చోబెట్టాడు. "ఎక్కువ మంది ఏదంటే అది. సర్పంచును గట్లనే గెలిపిచ్చినం, నిన్ను గూడ గట్లనే గెలిపిచ్చినం అక్కా. నీకు ఓటేసినప్పుడు మంచిగుండె, ఇప్పుడు చేదయ్యిందా? మిమ్ములను ఎల్లగొడ్తలేం. వైకుంఠధామం అందరిది. ఆడ జాగ ఇస్తున్నం."

"సిలువ పెట్టొద్దంటిరి."

"అందరిది గనుకనే. ఎవరి గుర్తు ఉండొద్దు."

"గేటు మీద శివుడున్నడు గదా తమ్మీ."

"అది గుర్తు గాదు, డెకరేషన్."

ఇటుదిక్కు కూడా కొందరు నవ్వారు, భీమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శైలజ నవ్వలేదు. "నాకు ఓటేసిన్రు, ఒప్పుకుంట. మోరీలు యాడ తియ్యాలె, లైట్లు యాడ పెట్టాలె, దానికేసిన్రు. మా అమ్మ తల ఎటు పెట్టి పండుకోవాలె, ఎవరికి మొక్కుకుంట పండుకోవాలె, దానికి నేను మీ ఓటు అడగలే. మీరు గూడ నా ఓటు అడగకున్రి. రేపు ఇంకో ఊళ్ళ మీరు తక్కువుంటరు, వాళ్ళు చేతులెత్తుతరు, అప్పుడేమంటరు?" ఆమె గొంతు అక్కడ, సరిగ్గా అక్కడ, పైకి పోయి పగిలింది. వాళ్ళ అత్త గొంతే.

సెక్రటరీ గడియారం చూసుకున్నాడు. అభ్యంతరం రాసుకుంటానన్నాడు. అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తండి అన్నాడు.

లేచాయి. గాజుల చేతులు, గడియారాల చేతులు, చేన్లో మందు కొట్టి గోళ్ళు పసుపెక్కిన చేతులు. జొన్నచేను కంకులు బయటికి వేసినట్టు ఒక్కసారి. భీమమ్మ ఎత్తింది, ఎత్తి నన్ను మోచేత్తో పొడిచింది. శ్రీనాథ్ తన చెయ్యి ఎత్తి నా దిక్కు చూస్తున్నాడు, పెదవులు మాత్రం కదిలించి తాతా అంటున్నాడు. ఆ చూపులో దగా లేదు. నిజంగానే నాకు మేలు చేస్తున్నానని ఉంది. అదే కష్టం. తిట్టి ఉంటే ఎంత సులువు. నల్ల రాయి మళ్ళీ కళ్ళముందుకు వచ్చింది, వెచ్చటి నేల వెన్ను కిందికి వచ్చింది, చెయ్యి చాపితే తగిలేటంత దూరం. నా చెయ్యి మోకాలు మీదనే ఉంది. నేను పట్టుకోలేదు. అది లేవలేదు.

"వ్యతిరేకం?"

మోటరు గది దగ్గర కొన్ని చేతులు. ఎంత తక్కువ. సుభద్రమ్మ చెయ్యి పైకి లేవక మనవరాలు పట్టి లేపింది. అప్పుడు నాది లేచింది. తట్టలు మోసిన భుజం, చెవిదాకానే వస్తుంది, ఆ పైకి రాదు. చెవిదాకా వచ్చి నిలబడింది. ఎవరో, అయ్యో ముసలోనికి సమజ్ గాలే, అన్నారు.

"ఓరి పిచ్చోడా" అంది భీమమ్మ, ఈసారి ఆమె గొంతులో నవ్వు లేదు. "దించురా. నీ పెండ్లాం బొంద నువ్వే తవ్విపిస్తున్నవ్."

శ్రీనాథ్ టార్పాలిన్ తొక్కుకుంటూ నా దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. "తాతా, నిన్న చెప్పిన గదా. అవ్వది తియ్యం. నువ్వు పరేషాన్ గాకు. ఇది వ్యతిరేకం, సారు అడిగేది ఒద్దన్నోళ్ళను. దించు."

చెప్పాలి. మాట గొంతులో ఎక్కడో కింద ఉంది, బావి తోడినట్టు తోడాలి. అతను ఆగాడు, పాపం, ఆగాడు. సెక్రటరీ కూడా పెన్ను ఎత్తి పట్టుకొని ఆగాడు.

"నాకు సమజ్ అయ్యింది బిడ్డా" అన్నాను. "ఆమె వాళ్ళామె. తల నేను తప్పు పెట్టిన. తీస్తే అందరితోని తియ్యిన్రి. ఆమెను ఒక్కదాన్నే ఉంచకున్రి."

శ్రీనాథ్ చెయ్యి నా మోకాలు మీద ఒక నిమిషం ఉంది, తరువాత తీసుకున్నాడు. సెక్రటరీ రాసుకున్నాడు. తీర్మానం అయిందని మైకులో వినపడింది, చప్పట్లు పడ్డాయి, కొన్ని మొదలై ఆగిపోయాయి. శైలజ కోర్టు అనీ కలెక్టరు అనీ డేవిడ్‌తో అంటోంది, డేవిడ్ తల ఊపుతున్నాడు. వాళ్ళు గెలుస్తారో లేదో, అప్పటిదాకా నేనుంటానో లేదో. నన్ను ఎక్కడ పెడతారో ఇప్పుడు నాకు తెలియదు. ఇన్నేండ్లకు మొదటిసారి తెలియదు. ఆమె పక్కన అని నోట్లో అనుకున్నాను, పక్కన ఎక్కడ అనేది లేకుండా ఉత్త పక్కన అని.

లేచాను. ఇటుదిక్కు కూర్చోవడానికి మొహం లేదు, భీమమ్మ కూడా అటు తిరిగి కూర్చుంది. మోకాళ్ళు పట్టేశాయి, ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడ్డాను. మోటరు గది దగ్గర ఆడవాళ్ళంతా ఇరుకిరుకుగా కూర్చొని ఉన్నారు. శైలజ నన్ను చూసి, పక్కనున్న సుభద్రమ్మ భుజం తట్టింది.

"జరుగున్రే. మామకు జాగ ఇయ్యిన్రి."

వాళ్ళు జరిగారు. కూర్చున్నాను.